దుబాయ్ నుంచి అబుదాబి: గైడ్‌తో కారా, బస్సా?

దూరం సుమారు 140 కిలోమీటర్లు. ఇబ్న్ బతూతా మెట్రో దగ్గర ఈ101 బస్సెక్కితే మనిషికి 25 దిర్హామ్‌లు. రానుపోను డబ్బు నోల్ కార్డులో (దుబాయ్ బస్సు, మెట్రో చార్జీల కార్డు) ముందే వేసుకోవాలి. బస్ స్టేషన్‌లో దిగాక షేక్ జాయెద్ మసీదుకు మళ్లీ టాక్సీయో, సిటీ బస్సో ఎక్కాలి. అయినా ఒక్కరో ఇద్దరో అయితే బస్సే నయం.

అమ్మానాన్నలు విజిట్ వీసా మీద వచ్చి ఉంటే మాత్రం కారే మేలు. అబు మురైఖాలోని బాప్స్ హిందూ మందిరం దారిలోనే ఉంది, బస్సు అక్కడ ఆగదు. సోమవారం వద్దు: మందిరానికీ, అబుదాబిలోని లూవ్ర్ మ్యూజియానికీ సెలవు. కారు మాట్లాడేటప్పుడే రేటు మనిషికా, బండికా, మందిరం కలిపా అని తేల్చుకోండి.

మసీదు ప్రవేశం ఉచితమే, పేర్లు ఆన్‌లైన్‌లో ముందే నమోదు చేయాలి. ఆడవాళ్లకు నిండు చేతుల వదులు దుస్తులు, జుట్టు కప్పే చున్నీ ఉండాలి. మగవాళ్లు షార్ట్స్‌తో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.