న్యూరెంబర్గ్ రైళ్లు: ఒక కాజీపేట లోకో పైలట్ రివ్యూ

కాజీపేట డిపోలో 34 ఏళ్లు పనిచేసి లోకో పైలట్‌గా రిటైర్ అయ్యాను. 2025 వేసవిలో మూడు నెలలు జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాం. ఫాతిమానగర్‌లో మా వీధి నుంచే ఇద్దరు పిల్లలు జర్మనీలో చదువుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ప్రయాణం పెట్టుకున్నప్పుడల్లా ఇంటికొచ్చి అడుగుతారు: "అన్నా, అక్కడి రైళ్లు ఎట్ల ఉంటయి?" వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ బండి ఎక్కినా నా చెవులు బ్రేకు మీదే ఉంటాయి. అందుకని సీట్ల గురించి తక్కువ, బండి నడిపే తీరు గురించి ఎక్కువ రాస్తాను.

ముందు టికెట్ సంగతి. డాయిచ్‌లాండ్ టికెట్ అని నెలవారీ పాసు ఉంది. 2023 మే 1న 49 యూరోలతో మొదలైంది, మేము వెళ్లినప్పుడు 58 యూరోలు. ఆ ఒక్క పాసుతో దేశమంతా ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణపు బండ్లలో మాత్రం చెల్లదు. ఇది చందా పద్ధతిలో నడుస్తుంది, వచ్చే నెల వద్దనుకుంటే ఈ నెల 10వ తేదీలోగా రద్దు చేయాలి. మా అమ్మాయి గుర్తుపెట్టుకుని చేసింది. స్టేషన్లో గేటు ఉండదు, ప్లాట్‌ఫామ్ మీదికి ఎవరైనా నేరుగా వెళ్లొచ్చు. బండిలో టికెట్ చెకింగ్ ఎప్పుడైనా రావచ్చు, టికెట్ లేకపోతే 60 యూరోలు కట్టాలి. మూడు నెలల్లో మమ్మల్ని ఎన్నోసార్లు అడిగారు, అడిగిన ప్రతిసారీ మర్యాదగానే అడిగారు. తిరగాలనే ఆసక్తి ఉన్న పెద్దవాళ్లకు ఇంతకంటే మంచి టికెట్ నేను చూడలేదు.

నాకు బాగా నచ్చిన ప్రయాణం న్యూరెంబర్గ్ నుంచి మ్యూనిక్‌కు. ప్రాంతీయ రైలే, ఈ పాసు చెల్లుతుంది, కానీ ఇంగోల్‌స్టాట్ దాకా హైస్పీడ్ లైన్ మీద పోతుంది. 2006లో తెరిచిన ఆ లైన్ మీద ఐసీఈలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్తాయి. మేము ఎక్కింది రెండంతస్తుల బండి. మా ఆవిడ పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద తలుపు దగ్గర నిలబడి పట్టాల చప్పుడు విన్నాను. స్టేషన్లో ఆగేటప్పుడు చివరి పది మీటర్లలో కుదుపు లేదు. పూర్తిగా ఆగేముందు బ్రేకు కొంచెం వదిలితేనే అలా వస్తుంది. ఆ పని చేతికి అలవాటు కావడానికి నాకు ఏళ్లు పట్టింది. మ్యూనిక్‌లో దిగి చూస్తే మేము వచ్చిన బండికి ముందు భాగంలో ఇంజనే లేదు, అది వెనక ఉండి నెట్టుకొచ్చింది. ముందు పెట్టెలోనే డ్రైవర్ క్యాబ్ ఉంది. తిరుగు ప్రయాణంలో డ్రైవర్ రెండో చివరకు నడిచి వెళ్లి కూర్చుంటాడు, బండి బయలుదేరుతుంది. ఇంజన్ విప్పడం, చుట్టూ తిప్పి మళ్లీ తగిలించడం ఏమీ లేదు. ప్లాట్‌ఫామ్ అంత తొందరగా ఖాళీ అవుతుంది.

మా అమ్మాయి ఇంటి పై అంతస్తులో ఉండే ఆయన రైలు డ్రైవర్ కావడం నా అదృష్టం. ఆయన ఇంగ్లిష్, నా ఇంగ్లిష్ రెండూ అంతంతే, మధ్యలో మా అమ్మాయి కూర్చునేది. మేము తీసుకెళ్లిన సకినాలు ప్లేటులో పెట్టుకుని ఎన్ని సాయంత్రాలు మాట్లాడుకున్నామో. అక్కడ డ్రైవర్‌ను లోక్‌ఫ్యూరర్ అంటారు. మన స్టేషన్ మాస్టర్ లాగా దారి ఇచ్చే మనిషి ఫార్‌డీన్‌స్ట్‌లైటర్. ఎక్కడ వేగం తగ్గించాలో ముందే చెప్పే మన కాషన్ ఆర్డర్ లాంటిదే వాళ్లకూ ఉంది, అయితే కాగితం మీద కాకుండా క్యాబ్‌లోని తెర మీద, టైమ్ టేబుల్ పక్కనే కనిపిస్తుంది. రూటు తెలియకుండా అక్కడా బండి ఇవ్వరు. మన రోడ్ లెర్నింగ్ గురించి చెబితే ఆయన వెంటనే తల ఊపాడు.

తేడా ఎక్కడంటే, అక్కడ క్యాబ్‌లో ఒక్కడే ఉంటాడు.

మన దగ్గర మెయిల్ బండిలో లోకో పైలట్ పక్కన అసిస్టెంట్ ఉంటాడు. ప్రతి సిగ్నల్‌కూ చెయ్యి చూపి ఒకరు పిలవాలి, రెండోవారు తిరిగి చెప్పాలి. "డిస్టెంట్ గ్రీన్", "డిస్టెంట్ గ్రీన్". జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల దాటి బల్లార్షా చేరేదాకా ఆ పిలుపులు వినిపిస్తూనే ఉంటాయి. అక్కడ ఆ రెండో గొంతు పనిని యంత్రాలు చేస్తాయి. సీఫా అని కాలి కింద పెడల్ ఉంటుంది. దాన్ని తొక్కి ఉంచాలి, 30 సెకన్లలోపు ఒకసారి వదిలి మళ్లీ తొక్కాలి. మరిస్తే ముందు లైటు వెలుగుతుంది, తర్వాత శబ్దం వస్తుంది, అప్పటికీ తొక్కకపోతే బ్రేకు పడుతుంది. మన ఇంజన్లలోనూ ఇలాంటి పరికరం ఉంది, మనకు ఒక నిమిషం గడువు. ఇంకోటి పీజెడ్‌బీ. ముందు సిగ్నల్ ఆగమని చెప్పబోతుంటే, హెచ్చరిక సిగ్నల్ దాటగానే డ్రైవర్ బటన్ నొక్కి చూశానని చెప్పాలి. నొక్కకపోయినా, ఆ తర్వాత వేగం తగ్గించకపోయినా బండి తనంతట తనే ఆగుతుంది. దీని మొదటి రూపం 1930లలోనే వచ్చిందట. 2022 మార్చిలో సికింద్రాబాద్ దగ్గర గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య, బండ్లు ఢీకొనకుండా తనంతట తనే బ్రేకు వేసే మన కవచ్‌ను పరీక్షించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఆయనకు చెప్పాను. అది ఎలా పనిచేస్తుందని ఆయన చాలా ప్రశ్నలు అడిగాడు.

సకినం విరుస్తూ మాట్లాడుతుంటే, టేబుల్ కింద ఆయన కుడికాలు మధ్యమధ్యలో లేచి పడేది. ఇంట్లో కూర్చున్నా ఆ పెడల్ ఆయన్ను వదల్లేదు.

ఆలస్యాల విషయం దాచకుండా చెప్పాలి. జర్మనీ అంటే గడియారం అనుకుని వెళ్లకండి. 2024లో జర్మన్ రైల్వే సంస్థ డీబీ దూరప్రయాణపు రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే. ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని వాళ్లు ఆలస్యంగా లెక్కించరు, అయినా అంతే. కారణం అడిగితే పైఇంటాయన చెప్పింది మన బల్లార్షా లైన్ మీద పనిచేసిన ఎవరికైనా వెంటనే అర్థమవుతుంది. చాలా లైన్ల మీద ఐసీఈ, ప్రాంతీయ బండి, గూడ్స్ అన్నీ ఒకే పట్టాల మీద నడవాలి. బొగ్గు గూడ్స్ ముందు పోతుంటే వెనక సూపర్‌ఫాస్ట్ పాకాల్సిందే కదా. దానికి తోడు పాత లైన్లకు మరమ్మతులు. క్యాబ్‌లో ఉన్న మనిషి చేతిలో ఉన్నది చాలా తక్కువ, ప్రయాణికుడి కోపం మాత్రం మొదట ఆయన వైపే వస్తుంది.

ఒకరోజు రేగెన్స్‌బర్గ్ నుంచి తిరిగి వస్తుంటే నాయ్‌మార్క్ట్‌కు ముందు బండి ఆగిపోయింది. కాసేపటికి డ్రైవర్ మైకులో మాట్లాడాడు. మా అమ్మాయి మెల్లగా చెప్పింది: "ముందు బండి కింద ఎవరో పడ్డారట నాన్నా." బోగీలో నిట్టూర్పులు వినిపించాయి, కొందరు ఫోన్లు తీశారు. నాకు మాత్రం జమ్మికుంట దాటాక ఎదురైన ఒక రాత్రి గుర్తొచ్చింది. హెడ్‌లైట్ వెలుగులో మనిషి కనిపించాడు. ఎమర్జెన్సీ బ్రేకు వేశాను, హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ వేగంలో బండి ఆగడానికి దాదాపు కిలోమీటరు కావాలి. తర్వాతి స్టేషన్లో మెమో ఇచ్చి బండిని బల్లార్షా దాకా తీసుకెళ్లాను. ఆ దారి పొడుగునా మా అసిస్టెంట్ ఒక్క సిగ్నల్ కూడా వదలకుండా, మామూలు కంటే గట్టిగా పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపులకు జవాబు చెప్పుకుంటూ వెళ్లాను కాబట్టే చేరగలిగాను.

మేము రెండు గంటలు అక్కడే ఉన్నాం. అంతసేపు ఎందుకని ఆ రాత్రి పైఇంటాయన్ను అడిగాను. పోలీసుల పని ఒకటి, ఆ డ్రైవర్ చేత మళ్లీ బండి నడిపించరు కాబట్టి ఇంకో డ్రైవర్ రావాలి, అది ఇంకొకటి అన్నాడు. నడిపించకపోవడం చాలా మంచి పద్ధతి, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. "రెండో మనిషి వచ్చేదాకా ఆయన పక్కన ఎవరుంటారు?" అని అడిగాను. మా అమ్మాయి నా ప్రశ్న ఆయనకు చెప్పాక ఆయన కొద్దిసేపు ఏమీ అనలేదు. "కండక్టర్ ఉంటే కండక్టర్. లేకపోతే ఎవరూ ఉండరు" అన్నాడు.

నాకు కోపం తెప్పించింది వేరే రోజు, వేరే ఊరు. మా బండి వచ్చే ప్లాట్‌ఫామ్‌ను చివరి నిమిషంలో మార్చారు. అనౌన్స్‌మెంట్ జర్మన్‌లోనే వచ్చింది, లిఫ్ట్ పనిచేయడం లేదు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మెట్లు దిగి ఎక్కేసరికి బండి కదిలిపోయింది. అడుగుదామంటే కౌంటర్ మూసి ఉంది. అక్కడున్న ఒకరు "యాప్‌లో చూసుకోండి" అని వెళ్లిపోయారు. మన కాజీపేటలో ఎంత రద్దీ ఉన్నా ఎంక్వైరీ దగ్గర ఒక మనిషి ముఖం కనిపిస్తుంది. కాబట్టి పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్లేటప్పుడు మారాల్సిన బండికి కనీసం అరగంట వ్యవధి పెట్టుకోండి. ప్లాట్‌ఫామ్ మార్పులు చూపించే యాప్‌ను పిల్లలతో ఫోన్‌లో వేయించుకోండి.

న్యూరెంబర్గ్ వెళ్తే రైల్వే మ్యూజియం తప్పకుండా చూడండి. 1835 డిసెంబర్ 7న జర్మనీలో మొదటి ఆవిరి రైలు ఆ ఊరి నుంచే ఫ్యూర్త్‌కు నడిచింది, ఆరు కిలోమీటర్లు. ఆడ్లర్ అనే ఆ ఇంజన్ ఇంగ్లండ్ నుంచి వచ్చింది, నడిపిన విలియం విల్సన్ కూడా అక్కడి నుంచే వచ్చాడు. మళ్లీ వెనక్కి పోలేదు, 1862లో న్యూరెంబర్గ్‌లోనే చనిపోయాడు. ఆ ఇంజన్ నమూనా ముందు మా ఆవిడ నా ఫొటో తీసింది. ఇప్పుడది మా హాల్లో ఉంది.

బయలుదేరే ముందు రోజు పైఇంటాయన మన సిగ్నల్ పిలుపు ఎలా ఉంటుందో చూపించమన్నాడు. హాల్లో పక్కపక్కన నిలబడ్డాం. నేను చెయ్యి చాపి "హోమ్ గ్రీన్" అన్నాను, ఆయన తిరిగి చెప్పాడు. తెలుగులో గ్రీన్‌ను ఏమంటారని అడిగితే "పచ్చ" అని నేర్పాను. పోయిన వారం మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది, "నాన్నా, పై అంకుల్ మెట్ల మీద కనిపించారు. రాత్రి డ్యూటీలో ఇప్పుడు ప్రతి సిగ్నల్‌కూ పచ్చ, పచ్చ అని పైకే చెప్పుకుంటున్నారట."