మత్తయి 28:19లో ‘ఎత్నే’: అన్యజనులా, జాతులా, సమస్త జనులా?

“మీరు వెళ్లి, సమస్త జనులను శిష్యులనుగా చేయుడి… వారికి బాప్తిస్మమిచ్చుచు” అన్న యేసు మాట ఎత్తినప్పుడల్లా అదే ప్రశ్న వస్తోంది: గ్రీకు మూలంలో ‘సమస్త జనులు’ ఉన్నచోట కనిపించే ‘పాంటా టా ఎత్నే’ (‘పాంటా’ అంటే అన్నీ) అంటే ఎవరు? 6:32లో ‘ఎత్నే’ను మన పాత తెలుగు బైబిలు ‘అన్యజనులు’ అంది, 28:19కి వచ్చేసరికి ‘సమస్త జనులు’ అంది.

‘అన్యజనులు’ (యూదులు కానివాళ్లు) అని అర్థం చెప్పేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. 10:5లో “అన్యజనుల దారిలోనికి వెళ్లకుడి” అన్నచోట ఉన్నదీ ఈ మాటే. ఆ కట్టడినే యేసు చివర్లో ఎత్తివేశాడని వాళ్లంటారు. అయితే ఎత్నోస్ (ఎత్నేకి ఏకవచనం) అంటే యూదేతరులే అన్న నియమం లేదు. లూకా 7:5లో యూదుల పెద్దలు శతాధిపతిని మెచ్చుకుంటూ “మన జనులను” ప్రేమించాడన్నప్పుడు వాడింది ఎత్నోసే. పైగా ఆదికాండం 22:18 గ్రీకు అనువాదంలో, అబ్రాహాముకిచ్చిన వాగ్దానంలో, ఇదే ‘పాంటా టా ఎత్నే’ ఉంది. మత్తయి తన సువార్త మొదటి వచనంలోనే అబ్రాహామును తలచుకున్నాడు. అందుకే నా మొగ్గు ‘సమస్త జనులు’ వైపే, యూదులతో కలిపి.

ఇక జాతులు. ఒక్కో జాతిని గంపగుత్తగా శిష్యుల్ని చేయాలని కొందరు బోధిస్తారు. అక్కడ నాకు అడ్డుపడేది వ్యాకరణం. ఎత్నే నపుంసకలింగ బహువచనం. ‘బాప్తిస్మమిచ్చుచు’ పక్కన లెక్కప్రకారం ‘ఔటా’ (వాటిని) రావాలి. మత్తయి రాసింది ‘ఔటూస్’ (వారిని), పుంలింగం. మనం ‘జనం వచ్చారు’ అంటాం చూడండి, అలాగన్నమాట: మాట నపుంసకం, మనసులో ఉన్నది మనుషులు. మత్తయి 25:32లో, తీర్పు దృశ్యంలోనూ అంతే. పోగయ్యేది ఎత్నే, గొర్రెలూ మేకల్లా వేరయ్యేది ‘ఔటూస్’. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టిందీ పెట్టనిదీ మనుషులే కదా! గ్రీకులో ఇలా భావాన్నిబట్టి లింగం మారడం మామూలే కాబట్టి ఈ ఒక్క సర్వనామంతో వాదం ముగిసిందనను. యూదులు ఉన్నారా లేరా అన్నది కూడా ఇది తేల్చదు. కానీ నీళ్లలో దిగేది మనిషే అని మాత్రం గట్టిగానే చెబుతుంది. తెలుగులో ‘జనులు’ అనగానే ‘వారికి’ దానంతటదే వచ్చేస్తుంది, అందుకే ఈ తేడా మన కంటపడదు.

‘దేశాలు’ అనే అనువాదమూ ఉంది. సరిహద్దులు, పాస్‌పోర్టులు ఉన్న ఇప్పటి దేశాలు గుర్తొస్తాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

6:32లోనూ ‘పాంటా’ ఉంది కదా అంటారేమో. అక్కడ అది ‘టౌటా’తో పోతుంది, ‘వీటన్నిటి’ అన్న అర్థంలో, ఎత్నేతో కాదు. ఆ వచనంలో ‘అన్యజనులు’ అనే ఉంచాలి.