డీఎంపీ నుంచి బయటపడ్డాక: మంచి బ్యాంకుతోనే తంటా అంతా

యూకేలో డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ (డీఎంపీ), అంటే అప్పులన్నిటికీ కలిపి నెలకు కట్టగలిగినంత ఒకే మొత్తం కట్టే ఏర్పాటులో ఎలా చేరాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడడం మొదలయ్యాక అందులోంచి ఎలా బయటికి రావాలో, వచ్చాక ఏమవుతుందో చెప్పేవాళ్లే కనబడరు. నేను 2019 చివర్లో చేరి 2024 మొదట్లో బయటికొచ్చాను. ప్లాన్ మీద నాకు పెద్దగా కోపం లేదు. కోపమంతా ఒక్క క్రెడిట్ కార్డు మీదే, అదీ అప్పులవాళ్లందరిలోకీ మాతో మర్యాదగా నడుచుకున్న బ్యాంకు కార్డు మీద.

ఎలా ఇరుక్కున్నామో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాప పుట్టాక మెటర్నిటీ పే మొదటి ఆరు వారాలు పర్వాలేదు, ఆ తర్వాత వారానికి 150 పౌండ్లలోపే. సరిగ్గా అప్పుడే మా ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. మాది వర్క్ వీసా, పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం) లేవు, అంటే చైల్డ్ బెనిఫిట్ కూడా లేదు. అద్దె, కౌన్సిల్ టాక్స్ పోగా మిగతా ఖర్చంతా కార్డుల మీద నడిచింది, నేను మళ్లీ ఉద్యోగానికి వెళ్లడం మొదలుపెట్టాక నర్సరీ ఫీజు నా జీతంలో సగానికి పైగా తినేసేది. ఆ సమయంలో ప్లాన్ దొరకడం మాకు పెద్ద ఊరట. ఉచితంగా చేసే చారిటీ, మా దగ్గర ఒక్క పెన్నీ తీసుకోలేదు, నెలకు ఒకే మొత్తం కడితే వాళ్లే అందరికీ అప్పుల నిష్పత్తిలో పంచేవాళ్లు. ఫోన్లు ఆగిపోయాయి. తెలియని నంబరు మోగితే గుండె దడదడలాడడం ఆగడానికి మాత్రం ఇంకొన్నాళ్లు పట్టింది.

అందులో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. బడ్జెట్ ఫారం నింపేటప్పుడు ఇండియాకు పంపే డబ్బు ఏ గడిలో రాయాలో తెలియక నేను నీళ్లు నమిలాను. నా ఎడ్యుకేషన్ లోన్ ఇంకా ఊళ్లో బ్యాంకులో నడుస్తోంది, దానికి నాన్న ఇల్లు తనఖాలో ఉంది, అది ఆగితే ఆయన పరువు వీధిన పడుతుంది. ఫోన్లో ఉన్నామె రెండు మూడు ప్రశ్నలు అడిగి, నేను పంపిన కాగితాలు చూసి, దాన్ని నెల ఖర్చుగానే ఒప్పుకుంది. అమ్మ మందుల డబ్బుకు మాత్రం కాస్త గట్టిగా అడిగింది, చివరికి అందులో కొంత తగ్గించుకోవాల్సి వచ్చింది. అందరి విషయంలో ఇలాగే ఒప్పుకుంటారని నేను అనుకోను, కానీ మనలాంటివాళ్ల ఇళ్లల్లో ఈ ఖర్చు సినిమా టికెట్ల లాంటిది కాదని ఆమెకు అర్థమైంది, అది చాలనిపించింది.

2023 సెప్టెంబరులో పాప రిసెప్షన్‌లో (ఇక్కడి బడిలో తొలి ఏడాది) చేరింది, నర్సరీ ఫీజు పోయింది. దానికి కాస్త ముందే మా ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది. వార్షిక సమీక్షలో ఈ లెక్కలన్నీ చెబితే మేం కట్టాల్సిన మొత్తం ఒక్కసారిగా పెరిగింది, అది న్యాయమే. నాకు మింగుడుపడనిది వేరే. ఆ ఫారంలో పొదుపుకు ఒక గడి ఉంటుంది, మిగులులో పదో వంతు, అదీ నెలకు 20 పౌండ్లు దాటకూడదు. ఇబ్బందిలో ఉన్నప్పుడు ఆ 20 పౌండ్లే దయగా అనిపించాయి. పరిస్థితి బాగుపడ్డాక అదే గడి మా చేతులు కట్టేసింది. పైగా అప్పటికి మా అప్పుల్లో చాలావరకు కలెక్షన్ కంపెనీలకు అమ్ముడుపోయాయి, వాళ్లు ఒకేసారి కడతామంటే తగ్గించడానికి సిద్ధంగా ఉంటారు. ప్లాన్‌లో ఉంటే ఆ ఒకేసారి కట్టే డబ్బు పోగవదు కదా.

బయటికి రావడం నేను భయపడ్డంత కష్టం కాదు. డీఎంపీకి చట్టపరమైన బంధం ఏదీ లేదు, ఎప్పుడైనా ఆపేయొచ్చు (ఐవీఏ అనే చట్టబద్ధ ఒప్పందం అలా కాదు, స్కాట్లండ్‌లో డెట్ అరేంజ్‌మెంట్ స్కీమ్ దారి కూడా వేరు, మేం ఇంగ్లండ్‌లో ఉంటాం). ఫోన్ చేశాను, ఎందుకు ఆపేస్తున్నారని అడిగారు, ఆగమని ఒక మాట అన్నారు, బలవంతం చేయలేదు. ఎవరికి ఎంత బాకీ, ఏ రిఫరెన్స్ నంబరు అన్న జాబితా పంపారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను: ఆఖరిసారి కట్టిన డబ్బు అందరికీ చేరిందో లేదో చూసుకుని, ఆ నెల నుంచే ఒక్కొక్కళ్లకీ నేరుగా పాత మొత్తమే కట్టడం మొదలుపెట్టండి. మధ్యలో ఒక నెల ఖాళీ వస్తే, వడ్డీ మళ్లీ మొదలవుతుందని ఉత్తరాలు వస్తాయి. అలా ఖాళీ రాకుండా కట్టినా మాకు ఒకటి వచ్చింది. మొదటి రోజు నుంచి అందరూ వడ్డీ ఆపేశారని అప్పట్లో మా స్నేహితురాలికి గొప్పగా చెప్పాను గానీ, నిజానికి ఓవర్‌డ్రాఫ్ట్ మీద మాత్రం కొన్ని నెలలు నడిచింది. ఆపాలన్న రూలేమీ లేదు, దయతలిస్తేనే.

కొన్ని నెలలు కూడబెట్టి కలెక్షన్ కంపెనీలకు ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అడుగుతూ ఉత్తరాలు రాశాం. ఒకళ్లు సగం కంటే కాస్త ఎక్కువకు ఒప్పుకున్నారు, ఇంకొకళ్లు బేరమాడి ఇంకాస్త గుంజారు. ఒప్పుకున్నట్టు కాగితం చేతికొచ్చేదాకా డబ్బు పంపలేదు. మిగిలింది మర్యాదస్తుల కార్డు. వాళ్లు అప్పు ఎవరికీ అమ్మలేదు, మొదటి నెలే వడ్డీ ఆపారు, వాళ్ల ఉత్తరాల్లో ఎప్పుడూ మెత్తటి మాటలే. కృతజ్ఞతతో వాళ్లకు మాత్రం పైసా తగ్గించమని అడగకుండా 2024 వేసవిలో మొత్తం కట్టేశాను.

ఆ తర్వాత ఇల్లు కొందామని మార్ట్‌గేజ్ బ్రోకర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మూడు క్రెడిట్ ఏజెన్సీల రిపోర్టులూ తెప్పించమన్నాడు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్. మమ్మల్ని ఫోన్లతో చంపిన వాళ్లంతా 2020 మొదట్లోనే డిఫాల్ట్ (ఒప్పందం ప్రకారం బాకీ కట్టలేదన్న గుర్తు) వేశారు. డిఫాల్ట్ పడిన ఖాతా, ఆ తేదీ నుంచి ఆరేళ్లకు, అప్పు కట్టినా కట్టకపోయినా, రిపోర్టులోంచి దానంతటదే పోతుంది. అంటే అవన్నీ 2026 మొదటికల్లా మాయం. మర్యాద బ్యాంకు డిఫాల్ట్ వేయనే లేదు. దాని బదులు నెలనెలా "అరేంజ్‌మెంట్ టు పే" (ఒప్పుకున్న తక్కువ మొత్తం కడుతున్నారు) అని గుర్తు పెట్టుకుంటూ పోయింది. అలాంటి ఖాతాకు ఆరేళ్లు లెక్కపెట్టేది అప్పు తీరి ఖాతా మూసిన రోజు నుంచి. నేను పూర్తిగా, నిజాయితీగా కట్టిన ఆ ఒక్క కార్డు 2030 దాకా నా రిపోర్టులో కూర్చుంటుంది. సగం సొమ్ము ఎగ్గొట్టించుకున్నవాళ్లు నాలుగేళ్ల ముందే నన్ను వదిలేస్తారు! బ్రోకర్ నా ముఖం చూసి, "ఇది రోజూ చూసేదేనండీ" అన్నాడు.

చారిటీ వాళ్లను అడిగితే, అవును, అలాగే ఉంటుంది అన్నారు. అన్నేళ్లలో ప్రతి సమీక్షలో కరెంటు బిల్లు దగ్గర్నుంచి చెప్పుల ఖర్చు దాకా అడిగినవాళ్లు, ఏ ఖాతాకు డిఫాల్ట్ పడింది, ఏ ఖాతాకు పడలేదు అని ఒక్కసారి చూడమని చెప్పి ఉంటే ఎంత బాగుండేది. వాళ్ల సేవ గురించి పైన రాసిన మంచిమాటలు వెనక్కి తీసుకోను, కాకపోతే వాళ్లు చూసేది నెల గడవడం వరకే, క్రెడిట్ రిపోర్టు వాళ్ల పనిగా వాళ్లు అనుకోరు.

సరే, బ్యాంకుకు ఫిర్యాదు రాశాను. అడిగింది ఏమిటంటే, నాకు 2020 తేదీతో డిఫాల్ట్ వేయండి మహాప్రభో అని. మామూలుగా మూడు నుంచి ఆరు నెలల బాకీ పేరుకుంటే డిఫాల్ట్ నమోదు చేయాలన్నది ఇక్కడి క్రెడిట్ పరిశ్రమ పెట్టుకున్న మార్గదర్శకమే, నేను ఏళ్లతరబడి అసలు వాయిదాలో చిన్న ముక్క కడుతూ వచ్చాను, డిఫాల్ట్ పడినవాళ్లకంటే నా పరిస్థితి అధ్వానంగా ఉండకూడదు కదా అని వాదన. ఫోన్లో ఉన్న కుర్రాడికి నేనేం అడుగుతున్నానో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "మేడమ్, డిఫాల్ట్ తీసేయమంటున్నారా?" అంటాడు. కాదు బాబూ, వేయమంటున్నాను. పక్క గదిలో మా ఆయన నవ్వు ఆపుకోలేక తలుపు వేసుకున్నాడు.

ఫిర్యాదుకు జవాబివ్వడానికి వాళ్లకు 8 వారాల గడువుంటుంది. ఆ గడువు చివర్లో వచ్చిన ఉత్తరం సారాంశం: మీకు మేలు చేయడానికే డిఫాల్ట్ వేయలేదు. అప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లాను. దీనికి ఫీజు లేదు, బ్యాంకు ఆఖరి జవాబు వచ్చిన 6 నెలల్లోపు వెళ్లాలి. నేను దాచుకున్న పాత ఉత్తరాలన్నీ స్కాన్ చేసి పంపాను, వాటిలో బ్యాంకు తనే రాసిన బాకీ అంకెలు బాగా పనికొచ్చాయి. చాలాకాలం ఏ కబురూ లేదు, నేను దాదాపు వదిలేసుకున్నాక బ్యాంకు దిగివచ్చి పాత తేదీతో డిఫాల్ట్ వేయడానికి ఒప్పుకుంది. నేను అడిగిన 2020 వసంతం కాదు, ఆ ఏడాది చివరి తేదీ వేశారు. ఇంకో గొడవ పడే ఓపిక లేక సంతకం పెట్టాను. అంటే 2030కి బదులు 2026 చివర్లో పోతుంది. అందరికీ ఇలా ఒప్పుకుంటారని హామీ ఏమీ లేదు, నా దగ్గర కాగితాలున్నాయి, పైగా అప్పు మొత్తం కట్టేసి ఉన్నాను.

మరి ప్లాన్ ఆపేయమంటారా అంటే, మా సంగతి వేరు. రెండు జీతాలు, నర్సరీ పోవడం, అప్పులు అమ్ముడుపోయి ఉండడం, ఇవన్నీ కలిసొచ్చాయి. ఒక్క జీతం మీద నడిచే ఇల్లయితే, రేపో మాపో వీసా రెన్యువల్ ఫీజు మీద పడుతుందంటే, నేనైతే కదిలేదాన్ని కాదు, పెరిగిన మొత్తమే కడుతూ ఉండేదాన్ని. ఇప్పుడు కొత్తగా ఇబ్బందిలో పడుతున్నవాళ్లకు 2021 నుంచి బ్రీతింగ్ స్పేస్ అని 60 రోజుల ఊరట కూడా ఉంది, మా అప్పుడు అది లేదు. ఫీజులు తీసుకునే ప్లాన్ కంపెనీల జోలికి మాత్రం ఎవరూ పోనక్కర్లేదు, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్ లాంటి చారిటీల సాయం ఉచితంగానే దొరుకుతుంది.

ప్లాన్‌లో ఇంకా ఉన్నవాళ్లు ఆపాలా వద్దా అని తేల్చుకునేలోపే మూడు రిపోర్టులూ తీసి చూడండి. డిఫాల్ట్ లేకుండా అరేంజ్‌మెంట్ గుర్తుతో నడుస్తున్న ఖాతా ఏదైనా ఉంటే, ఆ బ్యాంకుకు ఇప్పుడే రాయండి, కట్టేసేదాకా ఆగొద్దు. ఇళ్ల ధరల సంగతి నన్నడగకండి, మేమింకా అద్దె ఇంట్లోనే ఉన్నాం, అత్తయ్యగారు ప్రతి ఆదివారం ఫోన్లో "ఇల్లు చూశారా?" అని అడుగుతూనే ఉన్నారు.