రాజోలులో రివర్స్ లైట్లు, రెండు షాపులు

ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, ఆత్రేయపురంలో పూతరేకులు, సాయంత్రానికి రాజోలు. అంతవరకు హాయిగానే గడిచింది.

లాడ్జి గది 1,400 రూపాయలు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ ఫోనులో వాళ్లు ఉందన్న పార్కింగ్ కాలువ గట్టు మీద ఇరుకు జాగా. కారు తిరగదు, వెనక్కే తీయాలి. రాత్రి భోజనానికి బయలుదేరితే మా పదిహేడేళ్ల కారుకు రివర్స్ లైట్లు రెండూ వెలగలేదు. వీధి దీపం లేదు. మామయ్యగారు ఫోను లైటు పట్టుకుని వెనక నిలబడ్డారు. "ఆగండి అల్లుడు గారూ!" అని ఒక్క కేక. దిగి చూస్తే వెనక చక్రానికీ నీళ్లకూ మధ్య జానెడు నేల. ఆ పూట భోజనాల దగ్గర ఎవరూ నోరు విప్పలేదు.

పొద్దున్నే పెద్ద రోడ్డు మీద ఒక షాపుకు వెళ్లాం. ఏమీ పరీక్షించకుండా రెండు బల్బులూ, ఫ్యూజూ మార్చి 650 తీసుకున్నాడు. అప్పటికీ లైట్లు వెలగలేదు. దాంతో వైరింగ్ మొత్తం మార్చాలి, 4,500 అవుతుందన్నాడు. నాకు ఒళ్లు మండింది. రెండు బల్బులు ఒకేసారి మాడడం అరుదు. ముందు రెంటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి కదా! పాత బల్బులు అడిగి తీసుకున్నాం. మా ఆవిడ వాటిని వెలుతురుకు ఎత్తి చూసింది. లోపలి తీగ రెంటిలోనూ చెక్కుచెదరలేదు.

మలికిపురంలో రేకుల షెడ్డు కింద పనిచేసే ఎలక్ట్రీషియన్ దొరకడం మా అదృష్టం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి రివర్స్ గేరు వేయమన్నాడు. బానెట్టు ఎత్తి, గేర్‌బాక్స్‌కు బిగించిన రివర్స్ స్విచ్ (రివర్స్ గేరు పడగానే ఆ లైట్లను వెలిగించేది) నుంచి కనెక్టర్ ఊడదీసి, అందులోని రెండు కొసలనూ చిన్న వైరు ముక్కతో కలిపాడు. వెనక రెండు లైట్లూ వెలిగాయి!

"వైరింగ్ బాగానే ఉందండి, స్విచ్ పోయింది" అన్నాడు. కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉంది. దాన్ని గీకి శుభ్రం చేసి, కొత్త స్విచ్‌ను వాషరుతో సహా బిగించాడు, గేరు ఆయిల్ కారకుండా. స్విచ్ 320, కూలి 150. పాతది నా చేతిలో పెట్టాడు.

అంతర్వేదిలో దర్శనం త్వరగానే అయింది. రాత్రికి మళ్లీ ఆ గట్టు మీదికి రానని మామయ్యగారు పట్టుబట్టడంతో దిండిలో 2,200కు గది తీసుకున్నాం. ఖరీదు ఎక్కువే, కానీ కారు తిప్పుకోవడానికి చోటుంది.