తొమ్మిది దాటని నాబ్: ఒక ఆంప్లిఫయర్‌తో 9 ఏళ్లు

చానెల్‌కు 60 వాట్లిచ్చే ఈ ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్‌ను కొని 9 ఏళ్లయింది. ధ్వని నిండుగా ఉంటుంది, ఎండాకాలంలో గంటల తరబడి మోగినా వేడి హద్దు మీరదు. ఇన్నేళ్లూ నన్ను విసిగించింది వాల్యూమ్ నాబ్ ఒక్కటే. గడియారం ముల్లు లెక్కన అది ఏడు దగ్గర మొదలై ఐదు దగ్గర ఆగుతుంది. మా హాల్లో మాత్రం తొమ్మిది దాటిందంటే పక్కవారి మాట వినబడదు.

కొన్న కొత్తలో అదంతా ఆంప్లిఫయర్ సత్తా అనుకుని మురిసిపోయాను. నిజానికి ఆ నాబ్ శక్తిని పెంచదు; లోపలికి వచ్చిన సిగ్నల్‌ను ఎంత తగ్గించి పంపాలో నిర్ణయిస్తుందంతే. ఆంప్లిఫయర్ దాన్ని ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో హెచ్చిస్తుంది, గెయిన్ అంటే ఆ నిష్పత్తే. దీని సెన్సిటివిటీ 250 మిల్లీవోల్టులు, అంటే నాబ్ చివరిదాకా తిప్పి ఉంటే ఆ కాస్త సిగ్నల్‌కే 60 వాట్లూ వచ్చేస్తాయి. 8 ఓముల స్పీకర్‌పై 60 వాట్లంటే దాదాపు 22 వోల్టులు కాబట్టి, గెయిన్ 88 రెట్లు, డెసిబెళ్లలో 39. సీడీ ప్లేయరేమో గరిష్ఠంగా 2 వోల్టులు పంపుతుంది. చెవి తీరుకు తగ్గట్టు లాగరిథమిక్ పద్ధతిలో చేసిన పాట్ (నాబ్ వెనక ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) సగానికి తిప్పినప్పుడు సిగ్నల్‌లో సుమారు పదో వంతునే వదులుతుంది. ఆ పదో వంతుతోనే ఆంప్లిఫయర్ తన శక్తి అంచుకు దగ్గరవుతుంది కనుక, బిగ్గరగా రికార్డు చేసిన సీడీకి మిగతా సగంలో దొరికేది చాలావరకు వికృత ధ్వనే.

అసలు ఇబ్బంది రాత్రిపూట. పాట్‌లో రెండు చానెళ్ల కార్బన్ పట్టీల మీద జారే ముళ్లు ఒకే ఇరుసుపై తిరుగుతున్నా, మొదటి కొసలో ఆ రెండు పట్టీలూ సిగ్నల్‌ను సమానంగా వదలవు. నాబ్ ఎనిమిది దగ్గర ఉంచి వీణ కచేరీ వింటే మృదంగం ఎడమకు జరిగిపోయేది. వెంట్రుకవాసి తిప్పితే మధ్యకు వచ్చేది గానీ, ఆలోగా పక్కగదిలో అమ్మ లేచి కూర్చునేది. ఆరో ఏట గరగర కూడా తోడైంది. మెకానిక్ పాట్ మార్చాలన్నాడు. కరెంటు తీసేసి, కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పితే గరగర పోయింది, ఎడమ మొగ్గు పోలేదు.

రెండేళ్ల కిందట సీడీ ప్లేయర్‌కూ ఆంప్లిఫయర్‌కూ నడుమ సిగ్నల్‌ను తగ్గించే 10 డెసిబెళ్ల అటెన్యుయేటర్ల జత తగిలించాను. ఒక్కోదానిలో ఉండేవి రెండు రెసిస్టర్లే. 2 వోల్టులు 0.63కు దిగాయి, రాత్రి ఎనిమిది దగ్గర ఉండే నాబ్ ఇప్పుడు పది దగ్గర నిలుస్తోంది, మృదంగం మధ్యలోకి వచ్చి కూర్చుంది. స్పీకర్‌కు చెవి ఆనిస్తే వినబడే సన్నని బుస మాత్రం ఎప్పటిలాగే ఉంది, ఎందుకంటే అది పుట్టేది నాబ్ తర్వాతి దశలో.