ధాన్యం రాశి మీద కాన్వాస్ బరకమా, ప్లాస్టిక్ బరకమా: ఏది మేలు?

నవంబరు చివర వరి కోతలు మొదలయ్యాయంటే మా నరసన్నపేట వైపు రైతులందరి చూపూ ఆకాశం మీదే. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట చెవిన పడగానే బరకాల (టార్పాలిన్ల) కోసం పరుగు. దుకాణంలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి నూలుతో దిట్టంగా నేసి మైనం పట్టించిన కాన్వాస్. రెండోది ప్లాస్టిక్ పట్టీలను అల్లి పైన పలుచని పొర అతికించినది. రెండోదే చవక, తేలిక కూడా. చాలా ఏళ్ళు నేనూ అదే కొన్నాను.

2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. దాని వాన మా దాకా వచ్చింది. అప్పటికి కళ్ళంలో రెండు రాశులున్నాయి, యంత్రంతో కోసిన ధాన్యం, పూర్తిగా ఆరలేదు. ఒకదాని మీద ప్లాస్టిక్, ఇంకోదాని మీద మా పెదనాన్నగారి పాత కాన్వాస్ కప్పాను. మూడో రోజు ఎండ కాశాక తీస్తే ప్లాస్టిక్ లోపలి వైపంతా నీటి బొట్లు. పైనుంచి ఒక్క చుక్క కారలేదు, ఆ నీరంతా ధాన్యం వదిలిన ఆవిరే. రాశిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పై పొరలో కొన్ని గింజలకు తెల్లగా మొలక కనిపించింది. కాన్వాస్ కింద రాశికి అంచుల్లో మాత్రమే కాస్త చెమ్మ.

నూలు గుడ్డ గుండా ఆవిరి బయటికి పోతుంది. వాన పడితే దారాలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ప్లాస్టిక్ వానను రానివ్వదు, ఆవిరినీ పోనివ్వదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు కనుక ఈ తేడా నేరుగా మన చేతికొచ్చే డబ్బుకే తగులుతుంది.

అయితే కాన్వాస్ శ్రద్ధ కోరుతుంది. తడిగా మడిచి అటక మీద పడేస్తే వారం తిరగకుండా నల్లటి బూజు మచ్చలు వస్తాయి, ఆ చోట గుడ్డ కుళ్ళి వేలితో పొడిచినా చిరిగిపోతుంది. రెండు వైపులా ఎండబెట్టి, మట్టిని పొడి చీపురుతో దులిపి, ఎలుకలు చేరని చోట దండెం మీద వేయాలి. సబ్బుపొడి మాత్రం వాడకండి, మైనం కొట్టుకుపోతుంది. ఎక్కడైనా నీరు ఊరుతుంటే అక్కడ మళ్ళీ మైనం పట్టించాలి. ఈ ఓపిక లేనివారు కాన్వాస్ కొనకపోవడమే మంచిది, ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ప్లాస్టిక్‌కు బూజు భయం లేదు, ఎండే దాని శత్రువు. ఎండను తట్టుకునే మందు కలపనిదైతే త్వరలోనే పెళుసుబారి మడతల దగ్గర చిట్లుతుంది. కొనేటప్పుడు తూకం వేయించండి. 250 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 250 గ్రాములు) అని చెప్పిన 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు బరకం 12 కిలోలు తూగాలి. బాగా తగ్గితే ఆ అంకె అబద్ధమే.

ఇంటి కప్పు సంగతి వేరు. అదే 2018లో అక్టోబరు 11న తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు పెంకులు ఎగిరిన ఇళ్ళకు కావలసింది తేలిగ్గా ఎత్తి కట్టగల ప్లాస్టికే. కప్పు చెమర్చినా నష్టం లేదు. ధాన్యం అలా కాదు, కోసిన తర్వాత కూడా అది ఊపిరి తీస్తూనే ఉంటుంది.

అందుకే ఇప్పుడు రాశి కింద నేల చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ పరుస్తాను, పైన కాన్వాస్ కప్పుతాను. రాశిని శిఖరంలా పోస్తే నీరు గుంటకట్టకుండా జారిపోతుంది. నార తాళ్ళు తడిస్తే బిగుసుకుపోయి బరకం కన్నాలను చింపేస్తాయి కనుక కొంచెం వదులుగా కడతాను. వాన తెరిపిచ్చిన ప్రతిసారీ, అర్ధరాత్రి అయినా సరే, ఒక మూల ఎత్తి లోపల చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలితే తెల్లవారే దాకా ఆగకుండా రాశిని తిరగేస్తాను.