కేంబ్రిడ్జ్‌లో పంట్ అద్దెకు: కాలేజీల వైపా, గ్రాంట్‌చెస్టర్ వైపా?

గోదావరిలో బండ్లను దాటించే పంటు కాదిది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ ఊళ్లో కేమ్ నది మీద తిరిగే పంట్ సుమారు 24 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పుతో అడుగు చదునుగా ఉండే పడవ. ఇంజనూ లేదు, చుక్కానీ లేదు. ఆ రెండు పనులూ 16 అడుగుల గెడే చేయాలి. సొంతంగా నడుపుకునే పడవలో మామూలుగా ఆరుగురు పడతారు.

1910లో మొదలైన స్కూడమోర్స్‌తో పాటు మరికొన్ని సంస్థలు అద్దెకిస్తాయి. బుక్ చేసే ముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. మిల్ పాండ్ దగ్గరి అడ్డుకట్ట నదిని రెండుగా విడగొడుతుంది: దిగువన కాలేజీలు, ఎగువన గ్రాంట్‌చెస్టర్ అనే పల్లె దాకా పచ్చిక బయళ్లు. కట్ట పక్కన పడవను లాగి దాటించడానికి రోలర్లున్నాయి గానీ, పంట్ బరువు తెలిశాక ఆ సరదా తీరిపోతుంది.

దిగువ భాగానికి నడిపే మనిషితో సహా తీసుకోవడమే మేలు. ముప్పావు గంటలో కింగ్స్ చాపెల్, 1640 నాటి క్లేర్ వంతెన, 1831 నాటి నిట్టూర్పుల వంతెన అన్నీ చూపిస్తారు. కబుర్లు మాత్రం వడగట్టి వినాలి. క్వీన్స్ కాలేజీ చెక్క వంతెనను న్యూటన్ బోల్టుల్లేకుండా కట్టాడని చెబుతారు. అది కట్టింది 1749లో, ఆయన పోయింది 1727లో! ఎండ కాసిన శనివారం మధ్యాహ్నం ఇక్కడ కొత్తవాళ్లు గెడ పట్టుకుంటే గుద్దుకోవడమే సరిపోతుంది. చేతులు పడవ అంచు బయట పెట్టొద్దు, రెండు పంట్ల మధ్య వేళ్లు నలుగుతాయి.

స్నేహితులతో రోజంతా గడపాలంటే ఎగువకే వెళ్లాలి. గ్రాంట్‌చెస్టర్ రెండు మైళ్లే అయినా, కొత్తవాళ్లకు రానూపోనూ మూడు గంటల పైనే పడుతుంది. గంట అద్దె తీసుకుంటే సగం దారిలోనే వెనక్కి తిరగాలి.

కేంబ్రిడ్జ్ పద్ధతిలో వెనుక కొసన ఉన్న చెక్క అరుగు మీద నిలబడి తోస్తారు (ఆక్స్‌ఫర్డ్‌లో రెండో కొసన, పడవ లోపల). అరుగు తడిస్తే జారుతుంది, రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. గెడను పడవ పక్కనే నిటారుగా వదలాలి. చేతుల్లోంచి జారి నేల తగిలాకే తోయాలి. దూరంగా ఏటవాలుగా గుచ్చితే పడవ పక్కకు తిరుగుతుంది. తోసిన వెంటనే గెడను కొంచెం మెలితిప్పి పైకి లాగాలి. ఎగువన బురద ఎక్కువ కాబట్టి ఈ మెలిక మరిస్తే గెడ అక్కడే దిగబడుతుంది, పడవ ముందుకు పోతుంది. అప్పుడు గెడ వదిలేయండి, దాన్ని పట్టుకు వేలాడేవాళ్లే నీళ్లలో పడేది. పడవలో ఉండే తెడ్డుతో వెనక్కి వచ్చి తీసుకోవచ్చు. ఎక్కే ముందే తెడ్డు ఉందో లేదో చూసుకోండి. మలుపు తిప్పడానికి వెనుక నీళ్లలో తేలే గెడ కొసను ఎటు జరిపితే పడవ ముక్కు అటే తిరుగుతుంది.

గ్రాంట్‌చెస్టర్‌లో 1897 నుంచి టీ ఇస్తున్న ఆర్చర్డ్ తోట ఉంది. వచ్చేటప్పుడు వాలు వెంట కాబట్టి కాస్త తేలిక, కానీ అప్పటికి భుజాలు లాగుతుంటాయి. ఆలస్యమైతే అదనంగా వసూలు చేస్తారు, కాబట్టి గెడను వంతులవారీగా పట్టడానికి కనీసం ఇద్దరు ఉండాలి.